ముందు మెట్లు ఎవరివి?

మా తాత విడవలూరులో కట్టించిన మిద్దె ఇంటికి ముందు పంచ ఉంది. నాలుగు స్తంభాలు, గుల్లసున్నంతో తీర్చిన నున్నటి గచ్చు. ఊళ్ళో తగాదాలు, భూముల బేరాలు, పెళ్ళి మాటలు అన్నీ అక్కడే. ఆ పంచలో మా అవ్వ కూర్చోగా నేను చూడలేదు. ఎవరన్నా వస్తే పడసాల తలుపు వెనక నుంచి మాట్లాడేది. నెల్లూరు పోవాలంటే గూడు బండి దొడ్డివాకిలి దగ్గరికి వచ్చేది. తెల్లవారుజామున ముంగిలి ఊడ్చి కళ్ళాపి చల్లే యానాది ఆమె మెట్ల దాకా వచ్చేది, మెట్టు ఎక్కేది కాదు. అవ్వ లోపల, ఆమె బయట. మధ్యలో ఆ నాలుగు స్తంభాల జాగా మగవాళ్ళది. అవ్వను ముందు పంచలో కూర్చోబెట్టింది నాకు తెలిసి ఒకేసారి, తాత పోయిన రోజు.

పోయిన సంక్రాంతికి ఆ ఇంటిని అమ్మాలని మావాళ్ళు నిర్ణయించారు. రొయ్యల గుంటల మీద సంపాదించినాయన ఒకరు కొంటున్నారు. మా నాన్న లేడు కాబట్టి ఆయన వాటాకు అమ్మా, తమ్ముడూ, నేనూ సంతకాలు పెట్టాలి. నేను పెట్టాల్సింది హక్కు వదులుకునే కాగితం మీద. "నీకు ఇల్లంటే ప్రాణం కదా పాపా, మంచి ఫోటోగ్రాఫర్ని పిలిపించి పెద్ద ఫోటో తీయించి ఫ్రేము కట్టించి ఇస్తాం, నీ దగ్గర పెట్టుకో" అన్నాడు పెదనాన్న. ప్రేమగానే అన్నాడు. ఆ ప్రేమ గురించే ఈ వ్యాసం.

ఎందుకంటే ఆ మాట వినడానికి నెల రోజుల ముందే హైదరాబాదులో, కోఠీలో, అచ్చం అలాంటి ప్రేమకు గుర్తుగా చెప్పే వస్తువు ముందు నిలబడి వచ్చాను. దాన్ని చూసి కళ్ళు తుడుచుకున్న పర్యాటకులను కూడా చూశాను.

కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ మనలో చాలామందికి కోఠీ విమెన్స్ కాలేజీగానే తెలుసు. 1803–1806 మధ్య కట్టారు. నిజాం దర్బారులో ఈస్టిండియా కంపెనీ ప్రతినిధిగా ఉన్న జేమ్స్ అకిలిస్ కర్క్‌పాట్రిక్ కట్టించాడు. నక్షా గీసింది మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన శామ్యూల్ రస్సెల్. ఇంగ్లండు భూస్వాములు తమ ఎస్టేట్ల మధ్య కట్టుకునే కంట్రీ హౌసును తీసుకొచ్చి మూసీ ఒడ్డున నిలబెట్టినట్టుంటుంది. ముందు వైపు ఆకాశానికి లేచిన కొరింథియన్ స్తంభాల వరస, వాటి మీద ముక్కోణపు నెత్తి, అందులో కంపెనీ రాజముద్ర. కింద ఇరవైకి పైగా మెట్లు, మెట్లకు రెండు వైపులా రెండు సింహాలు. లోపల రెండంతస్తుల ఎత్తు దర్బారు హాలు, చుట్టూ పైవరండాలు. ఖర్చు మాత్రం నిజాందే. దీని మీద ఒక కథ చెబుతారు. మొదట పెద్ద కాగితం మీద నక్షా పట్టుకుపోతే నిజాం వద్దన్నాడట. అంత పెద్ద కాగితంలో తన రాజ్యం సగం పోతుందనుకున్నాడట. అదే నక్షాను అరచేతిలో పట్టే కాగితం మీద గీసి తీసుకుపోతే సరేనన్నాడట. కథ నిజమో కాదో గానీ, ఆ కర్క్‌పాట్రిక్కే 1800 అక్టోబరులో నిజాంతో చేయించిన ఒడంబడికలో కడప, బళ్ళారి, అనంతపురం, కర్నూలులో కొంత కంపెనీకి పోయాయి. మన దత్తమండలాలు. చిన్న కాగితం మీద పెద్ద జాగా ఎలా పోతుందో ఆ కథ చెప్పినవాళ్ళకు బాగానే తెలిసుండాలి.

నేను వెళ్ళింది మా పిన్నితో. మా అమ్మ చెల్లెలు. 1980ల్లో మూడేళ్ళు అక్కడ బి.ఏ. చదివింది. భవనాన్ని బాగుచేసి 2023లో తెరిచిన తర్వాత ఆమె చూడలేదు. సందర్శకుల బృందంలో చేరాం. గైడు మంచి కుర్రవాడు, బాగా చదువుకున్నవాడు. దర్బారు హాలు చూపించి, పైకప్పు చిత్రాలు చూపించి, చివరకు వెనక వైపు బేగం తోటకి తీసుకెళ్ళాడు. అక్కడ రెసిడెన్సీకే చిన్న నమూనా ఉంది. స్తంభాలు, కిటికీలు అన్నీ ఉన్న బొమ్మరిల్లు. "కర్క్‌పాట్రిక్ భార్య ఖైరున్నీసా పర్దాలో ఉండేది. భవనం ముందు వైపుకి రాకూడదు. తన ఇల్లు ముందు నుంచి ఎలా ఉంటుందో చూడలేకపోతున్నానని బాధపడితే ఆయన ఈ నమూనా చేయించి ఇచ్చాడు. తాజ్‌మహల్ చనిపోయిన భార్యకు, ఇది బతికున్న భార్యకు" అన్నాడు గైడు. అందరూ ఫోటోలు తీసుకున్నారు.

నాకు మాత్రం కడుపులో తిప్పినట్టయింది. ఈ కథ ఎంతవరకు నిజమన్నది చరిత్రకారులు తేల్చుకోవలసిన సంగతి. కానీ ఒక స్త్రీకి ముందు మెట్లు ఎక్కే వీలు లేకుండా ఇల్లు కట్టి, ఆ మెట్ల బొమ్మను వెనక తోటలో పెట్టి ఇవ్వడాన్ని రెండు వందల ఏళ్ళ తర్వాత కూడా మనం ప్రేమ అని చెప్పుకుంటున్నాం. నాకు కావలసిన సాక్ష్యం అదే. బొమ్మ ఇచ్చినవాడి మంచితనం కథలో ఉంది. ఆ మెట్లు ఆమెవి ఎందుకు కాలేదన్న ప్రశ్న లేదు.

ఇక్కడొక జాగ్రత్త. పర్దా అనగానే మన వేళ్ళు ముస్లిం ఇళ్ళ వైపు చూపించడానికి సిద్ధంగా ఉంటాయి. బృందంలో ఒకావిడ "వాళ్ళలో అంతే కదండీ" అని నిట్టూర్చింది కూడా. నెల్లూరు జిల్లా పెద్ద కులాల ఇళ్ళల్లో ఘోషా ఏం తక్కువ? మా అవ్వ గూడు బండికి కట్టిన తెర ఏ మతానిది? పైగా ఆనాటి హైదరాబాదు జనానా ఒట్టి చెరసాల కాదు. అందులో ఆస్తులున్న స్త్రీలున్నారు, రాజకీయాలు నడిపిన స్త్రీలున్నారు. ఇక ఇంగ్లీషు ఇంటి సంగతి? స్తంభాలతో తలెత్తుకున్న ఆ ముఖం కూడా ఆడదాని పేరు మీద లేదు. ఆనాటి ఇంగ్లండు చట్టం ప్రకారం పెళ్ళయిన స్త్రీ సొత్తు భర్తదే. ఎస్టేటు పెద్ద కొడుక్కి పోయేది. జేన్ ఆస్టిన్ నవలల్లో ఆడపిల్లలందరూ ఎవరి ఇంట్లో తలదాచుకోవాలా అని తిరుగుతుంటారే, అది ఊరికే కాదు. పనివాళ్ళకు వెనక మెట్లు, వెనక తలుపు. కోఠీలో జరిగింది ఏమిటంటే రెండు దేశాల పితృస్వామ్యాలు ఒకే ఆవరణలో కలిశాయి. ముందు భాగం ఇంగ్లీషు మగవాడిది, వెనక భాగం హైదరాబాదు ఆడదానిది. కలిపి చూసి మనం దాన్ని సంస్కృతుల సమ్మేళనం అంటున్నాం.

ఆ ప్రేమకథలోని మనుషుల సంగతి చూద్దాం. పెళ్ళి 1800 ప్రాంతంలో జరిగింది. అప్పటికి కర్క్‌పాట్రిక్‌కి ముప్ఫయ్యారేళ్ళు, ఖైరున్నీసాకు పద్నాలుగేళ్ళుంటాయి. ఆమే తనను కోరుకుందని అతను తన అన్నకు ఉత్తరాల్లో రాశాడు. అయ్యుండొచ్చు. అతను ఆమెను ప్రేమించలేదని నేననడం లేదు, ఉద్యోగానికి ముప్పు తెచ్చుకునే పెళ్ళి చేసుకున్నాడు. కంపెనీ పెద్దలు విచారణలు జరిపారు. కానీ ఆమె గురించి మనకు తెలిసిందంతా దాదాపు మగవాళ్ళు ఒకరికొకరు రాసుకున్న ఉత్తరాల నుంచే. విలియం డాల్రింపుల్ 2002లో వేసిన 'వైట్ మొఘల్స్' ఈ కథను ప్రపంచానికి చెప్పింది. శ్రద్ధగా చేసిన పని, కాదనను. ఆయన దొరికిన కాగితాలతో రాశాడు. ఆ పుస్తకం తర్వాత గైడ్లు, పత్రికలు, పర్యాటక శాఖల కరపత్రాలు మాత్రం అందులోంచి ప్రేమను తీసుకుని మిగతాది వదిలేశాయి.

మిగతాది ఇదీ. 1805లో పిల్లలిద్దరినీ, నాలుగేళ్ళ కొడుకునీ మూడేళ్ళ కూతుర్నీ, మద్రాసు నుంచి ఓడెక్కించి ఇంగ్లండు పంపారు. పంపేముందు జార్జ్ చిన్నరీ అనే చిత్రకారుడు వాళ్ళిద్దరి చిత్రం గీశాడు. నిజాం దర్బారు దుస్తుల్లో, నగలతో ఉంటారు. అక్కడికి చేరగానే బాప్తిజం ఇచ్చి పేర్లు మార్చారు. సాహిబ్ బేగం కాస్తా కాథరిన్ అరోరా, ముద్దుగా కిట్టీ అయింది. అదే ఏడు అక్టోబరులో కర్క్‌పాట్రిక్ కలకత్తాలో చనిపోయాడు. తను కట్టించిన ఇల్లు పూర్తిగా చూడనేలేదన్నమాట. ఖైరున్నీసా అతని సమాధి చూడటానికి కలకత్తా వెళ్ళింది. అక్కడ అతని సహాయకుడు హెన్రీ రస్సెల్ ఆమెకు దగ్గరయ్యాడు (నక్షా గీసిన రస్సెల్‌కి ఇతనికి చుట్టరికం లేదు). ఆ తర్వాత ఆమెకు హైదరాబాదు రావడానికి అనుమతి లేకుండా పోయింది. మచిలీపట్నంలో ఉండాల్సి వచ్చింది. రస్సెల్ ఆమెను అక్కడ వదిలేసి 1808లో మద్రాసులో ఇంకొకామెను పెళ్ళి చేసుకున్నాడు. ప్రేమకోసం కట్టిన ఇల్లు హైదరాబాదులో ఉంటే ఎవరి కోసం కట్టారంటున్నారో ఆమె మా కోస్తాలో, సముద్రం ఒడ్డున, తిరిగి వెళ్ళే అనుమతి కోసం కాచుకుని ఉంది. చివరికి హైదరాబాదు చేరి 1813లో, ఇరవయ్యేడేళ్ళ వయసులో చనిపోయింది. ఆమె ఉన్న రంగమహల్‌ను తర్వాతి కాలపు రెసిడెంట్లు 1860 ప్రాంతంలో కూలగొట్టించారు. నేటివ్ భార్యల జ్ఞాపకం విక్టోరియా కాలపు మర్యాదకు సరిపడలేదు. ముందు భాగం నిలిచింది, వెనక భాగం పోయింది. బొమ్మరిల్లు మిగిలింది.

ఇంతకీ రస్సెల్ ఏమయ్యాడు? తర్వాత తనే హైదరాబాదు రెసిడెంటయ్యాడు. 1820లో ఉద్యోగం ముగించుకుని ఇంగ్లండు పోయాడు. అదే ఏడు వాళ్ళ కుటుంబం బర్క్‌షైర్‌లో స్వాలోఫీల్డ్ పార్క్ అనే కంట్రీ హౌసు కొన్నది. చిన్నరీ గీసిన ఆ పిల్లల చిత్రం ఆ ఇంటి గోడకు చేరింది. ఏళ్ళు గడిచాక కిట్టీ ఆ ఇంటికి అతిథిగా వెళ్ళి, గోడ మీద తననూ అన్ననూ చూసుకుని ఏడ్చిందట. రస్సెల్ ఆ చిత్రాన్ని వీలునామాలో ఆమెకు రాశాడు. ఇక్కడ కూడా చూడండి, ఇచ్చింది బొమ్మే. హైదరాబాదులో అమ్మమ్మ షరఫున్నీసా అప్పటికింకా బతికే ఉంది. 1840లలో అమ్మమ్మా మనవరాలూ ఉత్తరాలు రాసుకున్నారు. ఒకరు పారశీకంలో, ఒకరు ఇంగ్లీషులో, మధ్యలో అనువాదకులు. కిట్టీ తన జుట్టు పాయ కత్తిరించి పంపింది. 1847లో షరఫున్నీసా చనిపోయేదాకా ఒకరినొకరు చూసుకోలేదు. సాహిత్యం చదువుకున్నవాళ్ళకు కిట్టీ ఎలా తెలుసంటే, థామస్ కార్లైల్ 'సార్టర్ రిసార్టస్'లో బ్లూమిన్ పాత్రకు ఆమె ప్రేరణ అని. ఆమె అమ్మమ్మకు రాసిన ఉత్తరాలను సాహిత్యమని మాకెవరూ చెప్పలేదు. ఎనిమిదేళ్ళు పిహెచ్.డి. పేరుతో పుస్తకాల మధ్య గడిపి ఈ ఉత్తరాల గురించి మొదటిసారి విన్నది ఒక గైడు నోట. ఇది నా సిగ్గు కూడా.

ఇంగ్లండులో ఇంకో వింత ఇల్లుంది. గ్లాస్టర్‌షైర్‌లో సెజింకోట్. కంపెనీ ఉద్యోగంలో సంపాదించి వెళ్ళిన చార్లెస్ కాకరెల్ కోసం అతని సోదరుడు శామ్యూల్ పెపిస్ కాకరెల్ 1805 ప్రాంతంలో నక్షా వేశాడు. ఇంగ్లీషు పచ్చికబయలు మధ్య రాగి గుమ్మటంతో మొఘల్ పద్ధతి ఇల్లు. సరిగ్గా అదే కాలంలో మూసీ ఒడ్డున ఇంగ్లీషు ఇల్లు. ఇక్కడి డబ్బుతో అక్కడ మన గుమ్మటం, ఇక్కడి డబ్బుతోనే ఇక్కడ వాళ్ళ స్తంభాలు. శైలులు అటూ ఇటూ ప్రయాణించాయని కళా విమర్శకులు మురిసిపోతారు. డబ్బు మాత్రం ఒకే వైపు ప్రయాణించింది. ఆస్టిన్ 'మాన్స్‌ఫీల్డ్ పార్క్' లోని ఇంటి వైభవం వెనక ఆంటిగ్వా బానిసల చెరకు తోటలున్నాయని ఎడ్వర్డ్ సయీద్ 1993లో చూపించినప్పుడు చాలామందికి కోపం వచ్చింది. 2020లో ఇంగ్లండు నేషనల్ ట్రస్టు తన అజమాయిషీలోని 93 చోట్లకు వలస పాలనతోనో బానిసత్వంతోనో ఉన్న సంబంధాన్ని నివేదికగా వేసింది. దానికీ కోపాలు వచ్చాయి. కానీ వాళ్ళ ఇళ్ళను వాళ్ళు అడగడం మొదలుపెట్టారు. ఇల్లు ఎవరి డబ్బుతో, ఎవరి చెమటతో కట్టారు అని. మనం మాత్రం మన డబ్బుతో కట్టిన ఇంటి ముందు నిలబడి దొరగారి ప్రేమకు ముచ్చటపడుతున్నాం.

1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ జనంతో వచ్చి ఈ ఇంటి మీద దాడి చేశారు. గైడు ఈ సంగతిని రెండు వాక్యాల్లో ముగించాడు. 1949 సంగతికి ఒకే వాక్యం ఇచ్చాడు. "తర్వాత విమెన్స్ కాలేజీకి ఇవ్వడంతో భవనం బాగా పాడైపోయింది."

పిన్ని అప్పటిదాకా మాట్లాడలేదు. "మేం పాడు చేశామా?" అంది. గైడు నవ్వి, "మీరని కాదు మేడమ్, అంతమంది వాడితే..." అన్నాడు.

"మేం కూర్చున్నాం గాబట్టే గదా నాయనా ఇది ఇప్పటిదాకా నిలబడింది. మనిషి మసలని ఇల్లు ఎన్నాళ్ళుంటది?" అంది పిన్ని.

నేను ఈ వ్యాసంలో రాయాల్సిందంతా ఆ మాటలో ఉంది. 1924లో మొదలైన ఆ కాలేజీ 1949లో రెసిడెన్సీలోకి వచ్చింది. కంపెనీ రాజముద్ర కింద నుంచి, సింహాల మధ్య నుంచి, ఏటా వందల మంది ఆడపిల్లలు ముందు మెట్లెక్కి లోపలికి పోయారు. నిజాం, రెసిడెంట్లు, వాళ్ళ అతిథులు తప్ప ఎవరూ ఎక్కని మెట్లు అవి. బురఖాలో వచ్చిన పాతబస్తీ పిల్లలు, లంగా ఓణీల్లో జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు, ఇంట్లో మొదటిసారి గడప దాటినవాళ్ళు. ఆ ఇంటి రెండు వందల ఏళ్ళ చరిత్రలో అన్నిటికన్నా పెద్ద సంఘటన ఏదంటే నేను దీన్నే చెబుతాను. మన వారసత్వ సంరక్షకుల లెక్కలో అది 'నష్టం' పద్దులో పడింది. పిన్ని దగ్గర ఒక ఫోటో ఉంది. ఆమె, ఇంకో ముగ్గురు స్నేహితురాళ్ళు, సింహం మీద ఎక్కి కూర్చున్నారు. ఒకమ్మాయి సింహం నోట్లో చెయ్యి పెట్టింది. ఆ నలుగురిలో ఒకామె తర్వాత మెజిస్ట్రేటు అయింది. ఒకామె చదువు మధ్యలో పెళ్ళి చేసి పంపేశారు. ఇప్పుడు సింహాలను ముట్టుకోవద్దంటారు. సబబే, రాయి అరిగిపోతుంది. కానీ ఆ అరిగిన చోటు ఎవరి అరచేతులవో చెప్పే బోర్డు నాకు ఎక్కడా కనపడలేదు.

భవనాన్ని బాగుచేయవద్దని నేననడం లేదు. 2002లో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో దీన్ని చేర్చకపోతే ఈపాటికి కూలిపోయేదేమో. సున్నం పని చేసిన మేస్త్రీలకు, కూలీలకు నమస్కారం. నా తగాదా గోడలతో కాదు, ఆ గోడల మధ్య ఏ కథ చెప్పాలన్న నిర్ణయంతో. కాలేజీ 2022లో మహిళా విశ్వవిద్యాలయమైంది. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. పాలకుర్తిలో తను సాగు చేసిన పొలం, తన పంట తనదని విసునూరు దేశ్‌ముఖ్ మనుషులకు ఎదురు నిలిచిన మనిషి. జాగా ఎవరిదన్న ప్రశ్న ఆమె కన్నా గట్టిగా అడిగినవాళ్ళు తక్కువ. ఆమె పేరున్న గేటులోంచి లోపలికి పోయి మనం దొరగారు బేగంకి బొమ్మరిల్లు కట్టించిన కథ విని వస్తున్నాం. ఆ దర్బారు హాల్లో చదువుకున్న స్త్రీలు ఇంకా ఉన్నారు. 1950ల్లో చదివినవాళ్ళు ఇప్పుడు తొంభై ఏళ్ళకు దగ్గరవుతున్నారు. వాళ్ళ మాటలు రికార్డు చేయడానికి ఏ విదేశీ నిధులూ అక్కర్లేదు, నాలుగు టేపులు, పదిమంది విద్యార్థినులు చాలు. టేపులంటే నవ్వకండి, ఫోన్లే అనుకోండి. పాత అలవాటు.

మళ్ళీ మా ఇంటికి వస్తాను. మా తాత 1991లో వీలునామా రాయకుండా పోయాడు. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆ ఇంట్లో నా మేనత్తలిద్దరికీ కొడుకులతో సమంగా వాటా ఉంది. కానీ అదే చట్టంలో 23వ సెక్షన్ ఒకటుండేది. కుటుంబం నివసించే ఇంటిని పంచమని ఆడపిల్ల అడగకూడదు, మగ వారసులు పంచుకోవాలనుకున్నప్పుడే అడగాలి. ఉండే హక్కు కూడా పెళ్ళికాని కూతురికో, భర్త వదిలేసిన, విడిపోయిన, లేదా చనిపోయిన కూతురికో మాత్రమే. అంటే ఇంట్లో కాలు పెట్టాలంటే కాపురం కూలిపోవాలి. వాటా ఉంది, వాకిలి లేదు. కాగితం మీద ఇల్లు. ఆ సెక్షన్‌ను 2005లో తీసేశారు. అప్పటికే మా అత్తలిద్దరూ పసుపు కుంకాల కింద చీరలు తీసుకుని సంతకాలు పెట్టేశారు. పెద్దత్తను ఈ మధ్య అడిగాను, ఎందుకు పెట్టావని. "పుట్టింటి గడప తొక్కనీకుండా చేస్తారేమోనని భయం మే" అంది. ఏ గడప? ఆమె తొక్కింది ఎప్పుడూ దొడ్డివాకిలే.

ఫోటో పోయిన నెల వచ్చింది. మూడడుగుల ఫ్రేము, మంచి టేకు. పంచ, నాలుగు స్తంభాలు, మెట్లు. తీసేముందు మెట్ల మీదున్న చెప్పులు కూడా తీసి పక్కన పెట్టించినట్టున్నారు. మనిషన్నవాడు లేడు. నేను దాన్ని గోడకు తగిలించలేదు, బీరువా పక్కన నిలబెట్టాను. దాని వెనకే దస్తావేజు నకలు ఉంది, సంతకం పెట్టాల్సిన చోట పెన్సిలుతో చిన్న ఇంటూ గుర్తు. నా వాటా నాకు కావాలని లాయరు చేత ఉత్తరం రాయించాను. అప్పటి నుంచి పెదనాన్న ఫోను ఎత్తడం లేదు, తమ్ముడు మాట్లాడటం లేదు. అమ్మ మాత్రం రాత్రి పది దాటాక, వాడు పడుకున్నాక, దొడ్లోకి వచ్చి ఫోను చేస్తుంది.